రెండు గంటల ఐదు నిమిషాలు

తలుపు సగం వరకే తెరుచుకుంది. మిగతా సగానికి శవం అడ్డం ఉంది.

2013 మే 16, గురువారం. సాయంత్రం 5.50.

శంషాబాద్ పాత హైవే నుంచి లోపలికి తిరిగే సందు. సందులో మూడో షట్టర్ 'నిర్మల ఆన్‌లైన్ సెంటర్'. ముందు గదిలో ఒక కంప్యూటర్, ప్రింటర్, జిరాక్స్ మెషీన్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. వెనక చిన్న స్టోర్ రూమ్. దానికి కిటికీ లేదు. పైన రేకులు. లోపల పాత కాగితాల కట్టలు, పాడైపోయిన మానిటర్లు, వాటి మీద ఏళ్ళనాటి దుమ్ము. మే నెల ఎండకు ఆ గది ఇటుకబట్టీలా ఉడుకుతోంది.

ఎస్సై ప్రసన్నలక్ష్మి ఒళ్ళు వంచి ఆ సగం తెరిచిన తలుపులోంచి లోపలికి దూరింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

చనిపోయిన మనిషి నిర్మల. వయసు ముప్పై రెండు. ఈ దుకాణం ఆమెదే. పెదవులు నీలం తిరిగాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడి గుప్పిట్లో ఆస్తమా ఇన్‌హేలర్.

"దమ్ము బీమారి మేడం," వెనక నుంచి హెడ్ కానిస్టేబుల్ గోపయ్య అన్నాడు. "మందు పీల్చేలోపలనే పాణం పోయినట్టున్నది. సహజ మరణమే."

"గోపయ్యన్నా, జర ఇట్ల వంగి చూడు. మందు డబ్బాకు మూత ఉందా?"

"ఉన్నది మేడం."

"పెట్టి ఉందా? తీసి ఉందా?"

"పెట్టే ఉన్నది."

"ఊపిరాడక కొట్టుకునే మనిషి మూత తియ్యకుండ గుప్పిట్ల పట్టుకుని కూసుంటదా?"

గోపయ్య టార్చి వెలుగు శవం చేతుల మీదికి తిప్పాడు.

ఆమె నిర్మల చేతులు తిప్పి చూసింది. రెండు అరచేతులూ కమిలి వాచిపోయాయి. మూడు గోళ్ళు విరిగాయి. గోళ్ళ సందుల్లో పచ్చరంగు పెచ్చులు. తలుపుకు లోపలివైపు అదే పచ్చరంగు. నడుము ఎత్తున అడ్డదిడ్డంగా గీతలు.

తలుపుకు బయటివైపు ఇనుప గొళ్ళెం ఉంది.

ప్రసన్నలక్ష్మి లేచి నిలబడింది. బడంగ్‌పేట్‌లో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, ఏడేళ్ళుగా ఖాకీ తొడుగుతున్న మనిషి. శవాలు కొత్త కాదు. అయినా ఆ అరచేతుల వైపు ఇంకోసారి చూసింది.

"మర్డర్ అని రాయి," అంది చివరికి. "బయట గొళ్ళెం పెట్టిన్రు. సచ్చిందాక ఆగిన్రు. తర్వాత గొళ్ళెం తీసి, మందు తెచ్చి చేతిల పెట్టిన్రు."

* * *

శవాన్ని మొదట చూసింది పక్క షట్టర్‌లో పిండి గిర్ని నడిపే కొండమ్మ. గిర్ని ముందు అరుగు మీద కూర్చుని ఉంది. తలనిండా పిండి.

"ఎన్ని గంటలకు చూసినవ్ అక్కా?"

"ఐదుంబావు అయినట్టుంది మేడం. పొద్దుగాల కరెంటు బిల్లు కట్టిచ్చుకున్న. ప్రింటర్ల రంగు అయిపోయింది కొండక్కా, సాయంత్రం కాగితమిస్త అన్నది. ఆ కాగితం తీస్కుందామని వచ్చిన. షట్టర్ సగం దించి ఉన్నది. ఎంత పిలిచినా పలకలే."

"మధ్యాహ్నం తలుపు కొట్టిన సప్పుడు, కేకలు ఏమన్న వినిపించినయా?"

కొండమ్మ గిర్ని వైపు చూసింది. "రెండు నుంచి నాలుగున్నర దాక కారం పట్టిన మేడం. గిది నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు." వెనక గోడను అరచేత్తో తట్టింది. "నడుమ ఒక్క గోడనే ఉన్నది. ఒక్క గోడ."

ముందు గదిలో కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. తెర మీద ఖాళీ నీలం. మధ్యలో పేరు, పాస్‌వర్డ్ అడిగే రెండు గళ్ళు. సీడీ డ్రైవ్‌లో ఒక సీడీ. పక్కనే దాని కవర్. కవర్‌లో మడతపెట్టిన నోట్‌బుక్ కాగితం. దాని మీద తెలుగులో, నీలం ఇంకుతో, ఒకటి నుంచి తొమ్మిది వరకు సూచనలు. ఏ ప్రశ్న వస్తే ఏం నొక్కాలో వరసగా రాసి ఉంది.

అదే సమయానికి సందులోకి ఒక బైక్ వచ్చి ఆగింది. ముప్పై ఏళ్ళ మనిషి. భుజాన లాప్‌టాప్ బ్యాగు. జనాన్ని చూసి అతని మొహం పాలిపోయింది.

"నీ పేరు?"

"అరవింద్ మేడం. తుక్కుగూడ కాలేజీల కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంట. నిర్మలక్క ఆరింటికి రమ్మన్నది."

"దేనికి?"

"ఆమె కంప్యూటర్‌ల దొంగ విండోస్ ఉండె. రోజూ వైరస్సే. లినక్స్ అని వేరే సిస్టమ్ ఏస్త అన్న. ఫ్రీగ వస్తది, ఎవలకీ దొంగలెక్క భయపడే పని లేదు. మంగళవారం బూట్ డిస్క్, గదే ఈ సీడీ, ఇచ్చి పోయిన. గురువారం సాయంత్రం ఇద్దరం కూసొని ఏద్దాం అనుకున్నం."

"ఈ కాగితం నీదేనా?"

"నాదే. నేను లేనప్పుడు గూడ ఆమె సొంతంగ ఏసుకోవాలని రాసిచ్చిన. ఆ సీడీల సిస్టమ్ మొత్తం ఉండదు మేడం. కంప్యూటర్‌ను లేపేటందుకు ఎంత కావాల్నో అంతే ఉంటది. మిగిలిందంతా ఇంటర్నెట్ల నుంచి..."

"అయితే ఈ నీలం తెర లినక్సుదేనా? ఎవరేసిన్రు?"

అరవింద్ తెర వైపు చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. లేదా బాగా నటించాడు.

"లినక్సే మేడం. ఎవరేసిన్రో నాకు తెల్వదు. పాతదంతా చెరిగిపోయింది."

ఆరున్నరకు భర్త మల్లేశ్వర్ వచ్చాడు. ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. శవం మీద పడి ఏడ్చాడు. గోపయ్యా ఇంకో కానిస్టేబులూ కలిసి లేపాల్సి వచ్చింది. వెంట అతని అన్న రాఘవేందర్. జల్‌పల్లి రోడ్డులో టెంట్ హౌస్ ఉంది. తెల్ల చొక్కా, మెడలో బంగారు గొలుసు. తమ్ముడి భుజం మీద చెయ్యేసి, "ఏడ్వకురా, ఏడ్వకు. ఆమె తలరాత గంతే," అని ఓదార్చాడు.

ప్రసన్నలక్ష్మి ఇద్దరినీ విడివిడిగా అడిగింది.

"మల్లేశ్వర్, మధ్యాహ్నం ఎక్కడున్నవ్?"

"ఎయిర్‌పోర్టు పార్కింగ్ల మేడం. ఒంటిగంట నుంచి నాలుగున్నర దాక. కెమెరాలుంటయి, చూసుకోండ్రి."

"నీకు ఫోన్ ఎవరన్న చేసిన్రా?"

"ప్యాసింజర్లు తప్ప ఎవ్వలు చెయ్యలే."

తర్వాత రాఘవేందర్.

"మీరు?"

"జల్‌పల్లిల పెండ్లికి టెంట్ ఏపిస్తున్న. పొద్దంత ఆడనే."

"మీ మరదలి కంప్యూటర్ ఎప్పుడన్న ముట్టుకున్నరా?"

అతను నవ్వాడు. "కంప్యూటరా? నాకు ఆన్ చేసుడు గూడ రాదు మేడం. మాది గుంజలు పాతే పని."

* * *

శుక్రవారం ఉదయం 10.30. పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. మరణ సమయం గురువారం మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య. కారణం తీవ్రమైన ఆస్తమా. ఒంటి మీద వేరే గాయాలు లేవు. ఎవరూ ముట్టుకోనవసరం లేకుండానే చంపారు.

11.15కి సీఐ కొండల్ గదిలో నుంచి చెంపదెబ్బ వినిపించింది. ఆ వెంటనే రెండోది.

ప్రసన్నలక్ష్మి లోపలికి వెళ్ళేసరికి అరవింద్ గోడకు ఆనుకుని ఉన్నాడు. పెదవి చిట్లింది.

"సార్, ఆధారం లేకుండ..."

"లినక్స్ ఎవనికొస్తది? వీనికి. సీడీ ఎవనిది? వీనిది. ఆడపిల్ల దుకాణంకు ఆరింటికి ఎందుకొస్తడు? ఇగ ఇంకేం కావాలె?" సీఐ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ కంప్యూటర్ సంగతి వదిలెయ్యి. సైబర్ సెల్‌ల అడిగిన. లోపల లాగ్ ఉంటదంట, పని ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో రాసుకుంటది. 8.31కి మొదలు, 10.36కి ఖతం. అంటే పొద్దున ఆమెనే ఏసుకున్నది. సావుకూ దానికీ సంబంధం లేదు. రేపు సాయంత్రంలోపల నువ్వు వేరే మనిషిని చూపియ్యకపోతే వీన్ని రిమాండ్ చేస్త."

బయట బెంచీ మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవర్. పొద్దున ఎనిమిది నుంచీ ఉందని గోపయ్య చెప్పాడు. పేరు పోచమ్మ.

"నిర్మల బిడ్డ సచ్చిపోయిందంట గద," అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు. అవి అయిపోయి చాలా రోజులైనట్టుంది. "నిన్న పొద్దుగాల నాతోని స్టేషన్‌కు వస్త అన్నది. మల్ల ఫోన్ చేసి, కాగితాలన్ని తీసిపెట్టుకోవాలె, రేపు పోదాం అన్నది."

"ఏం కాగితాలు పెద్దమ్మా?"

పోచమ్మ కవర్ విప్పింది. లోపల ఒక అపాయింట్‌మెంట్ ఆర్డర్. ఎయిర్‌పోర్టు కార్గోలో లోడర్ ఉద్యోగం. లక్ష్మణ్ పేరు మీద. పైన రంగుల ముద్ర.

"నా కొడుకు. గీ కాగితం పట్టుకొని కొత్త చొక్కా ఏసుకొని గేటు కాడికి పోయిండు. గేటు కాడోళ్ళు చూసి నవ్విన్రంట. దొంగ కాగితం అన్నరంట. ఇంటికొచ్చి ఎవ్వలకు చెప్పలే. పత్తి చేనుకు కొట్టే మందు తాగిండు." ఆమె కాగితాన్ని మళ్ళీ మడత పెట్టింది. "బుధవారం నిర్మల తాన జిరాక్స్ తీపియ్యనీకి పోయిన. చూసి తెల్లబోయింది. అమ్మా, గిది నేనే టైపు చేసిన అన్నది. నిజం నౌకరీలే అనుకొని చేసిందంట. గసొంటియి మొత్తం నలభై మూడు ఉన్నయి, అన్ని నా కంప్యూటర్ల ఉన్నయి, నేనొచ్చి సాక్ష్యం చెప్త అన్నది."

"టైపు చేయమని ఇచ్చిందెవరో చెప్పిందా?"

"లేదు బిడ్డా. పేరు నోట్లకు వచ్చి ఆగింది. చెప్తే ఇల్లు కూలుతది అన్నది."

* * *

మధ్యాహ్నం 1.40కి ప్రసన్నలక్ష్మి మళ్ళీ ఆ సందులోకి వచ్చింది. హైవే వెడల్పు పని. సందు మొదట్లో జేసీబీ తవ్విన కందకం. దాని మీద వేసిన చెక్క పలక మీదుగా దాటింది.

"కొండక్కా, నిన్న బిల్లు ఎన్ని గంటలకు కట్టిచ్చినవ్?"

"పదకొండున్నరకు."

"కంప్యూటర్ తెర మీద ఏముండె?"

"ఎల్లమ్మ తల్లి ఫోటో. ఎప్పుడు ఉండేదే గద. నేను రోజూ దండం పెట్టుకుంట దానికి."

ప్రసన్నలక్ష్మి నోట్‌బుక్ తీసి రెండు టైములూ పక్కపక్కన రాసుకుంది. 10.36కే పాతదంతా చెరిగిపోయి ఉంటే, 11.30కి ఎల్లమ్మ ఫోటో ఎలా ఉంటుంది?

సైబర్ సెల్‌కు ఫోన్ చేసింది. లాగ్ చూసిన టెక్నీషియన్ పేరు అనుపమ. విజయవాడ అమ్మాయి.

"అనుపమా, ఆ టైము కరెక్టేనా? 8.31?"

"లాగ్‌లో ఉన్నది అదేనండీ. కానీ అది మన టైము కాదు. ఇన్‌స్టాలర్ గ్రీనిచ్ టైములో రాసుకుంటుంది. మన గడియారానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. సీఐ గారికి చెప్పబోయానండీ, ఫోన్ పెట్టేశారు."

8.31కి ఐదున్నర కలిపితే మధ్యాహ్నం 2.01. 10.36కి కలిపితే సాయంత్రం 4.06.

నిర్మల చచ్చిపోయింది మూడు, నాలుగు మధ్య.

ప్రసన్నలక్ష్మి నిర్మల షట్టర్ వైపు చూసింది. ఎవరో కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని సిస్టమ్ వేశారు. నాలుగడుగుల దూరంలో ఆ తలుపు ఉంది.

"మేడం," కొండమ్మ పిలిచింది. "గా కందకంల చూసి నడువుండ్రి. నిన్న జేసీబీ వాడు నెట్ వైర్ గూడ తెంపిండు. సందు మొత్తానికి పోయింది."

ప్రసన్నలక్ష్మి గిర్రున తిరిగింది. "ఎప్పుడు?"

"మధ్యాహ్నమే. కేబుల్ శంకరయ్య వచ్చి లొల్లి పెట్టుకున్నడు."

శంకరయ్య దగ్గర కంప్లైంట్ బుక్ ఉంది. కేబుల్ తెగింది గురువారం 2.44కి. అతికించింది 5.10కి.

సీడీలో మొత్తం ఉండదని అరవింద్ అన్నాడు. మిగిలిందంతా ఇంటర్నెట్ నుంచి దిగాలని కూడా అనబోయాడు. ఆ మాట పూర్తి కాకముందే అడ్డుపడింది తనే. 2.44కి నెట్ పోయింది. 4.06కి పని పూర్తయింది. మధ్యలో ఆ గంటా ఇరవై రెండు నిమిషాలు నెట్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

"అనుపమా, లాగ్ మొదటి లైను నుంచి చివరి లైను దాక నాకు చదివి వినిపియ్యి. ఒక్క అక్షరం వదలకు."

* * *

2013 మే 18, శనివారం. ఉదయం 11 గంటలు. నిర్మల దుకాణం.

ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురు. మల్లేశ్వర్ గడ్డం గీసుకోలేదు. రాఘవేందర్ మళ్ళీ తెల్ల చొక్కాలోనే ఉన్నాడు. అరవింద్ చెంప ఇంకా వాచి ఉంది. సీఐ కొండల్ విసుగ్గా గోడకు ఆనుకున్నాడు. గుమ్మం దగ్గర పోచమ్మ, కొండమ్మ. కంప్యూటర్ ముందు అనుపమ. అసలు డిస్క్ సీజ్ అయింది. ఇప్పుడు అందులో ఉన్నది కొత్త ఖాళీ డిస్క్.

"మొదలుపెట్టు," అంది ప్రసన్నలక్ష్మి.

సీడీ తిరిగింది. అరవింద్ రాసిన కాగితం చూస్తూ అనుపమ ఒక్కో ప్రశ్నకూ జవాబు నొక్కింది. భాష. దేశం. డిస్క్ మొత్తం చెరిపెయ్యాలా? అవును. తర్వాత ఒక గీత నెమ్మదిగా నిండడం మొదలైంది. పది నిమిషాలు. పదిహేను. మల్లేశ్వర్ రెండుసార్లు చెమట తుడుచుకున్నాడు.

ప్రసన్నలక్ష్మి వంగి నెట్ వైర్ పీకేసింది.

గీత ఆగింది. రెండు మూడు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి తెర మొత్తం ఎర్రబడింది.

"ఇదేందమ్మా?" పోచమ్మ అడిగింది.

"నెట్ పోయిందని చెప్తుంది పెద్దమ్మా. ఇప్పుడిది ఇట్లనే ఉంటది. గంటయినా, రోజయినా. మనిషి వచ్చి ఏదన్న నొక్కితే తప్ప కదలదు." ప్రసన్నలక్ష్మి ముగ్గురి వైపు తిరిగింది. "గురువారం 2.44కి కేబుల్ తెగింది. 2.47కి ఇదే ఎర్ర తెర వచ్చింది. మరి 4.06కి పని ఎట్ల పూర్తయింది? అనుపమా, 2.58కి లాగ్‌ల ఏమున్నది?"

"ఒక మొబైల్ ఫోను కేబుల్‌తో కలిసిందండీ. దాని ద్వారా నెట్ ఇచ్చారు. తర్వాత 'మళ్ళీ ప్రయత్నించు' నొక్కారు. మిగతాదంతా ఆ ఫోను నెట్ మీదే దిగింది. ఫోను మోడల్, సీరియల్ నంబరు రెండూ లాగ్‌లో పడ్డాయి."

"అరవింద్ కాగితంల తొమ్మిదో లైను అదే. నెట్ పోతే ఫోన్ పెట్టి మళ్ళ కొట్టాలె అని. అంటే తెలుగు చదవొస్తే చాలు, కంప్యూటర్ రానోళ్ళు గూడ ఇది చెయ్యొచ్చు." ఆమె టేబుల్ మీద తట్టింది. "ఫోన్లు ఇక్కడ పెట్టండ్రి."

అరవింద్ వెంటనే పెట్టాడు. మల్లేశ్వర్ తన బటన్ల ఫోను తీసి పెట్టాడు.

రాఘవేందర్ కదల్లేదు.

"రాఘవేందర్ గారూ."

"నా ఫోన్ ఇంటికాడ మర్చిపోయిన."

గోపయ్య అతని జేబులో చెయ్యి పెట్టాడు. పెద్ద తెర ఫోను. అనుపమ దానికి తన లాప్‌టాప్ కేబుల్ తగిలించింది. లాప్‌టాప్ మీద అక్షరాలు పరుగెత్తాయి. ఆమె ఒక కాగితం మీద రాసుకున్న నంబరును ఒక్కో అంకె పైకి చదివింది. చివరి అంకె దాకా కలిసింది.

సీఐ గోడ విడిచి నిటారుగా నిలబడ్డాడు. అరవింద్ మొహం చూడలేకపోయాడు.

"నలభై మూడు దొంగ ఆర్డర్లు నీవే," అంది ప్రసన్నలక్ష్మి. "నిర్మలతోని టైపు చేపిచ్చినవ్. లక్ష్మణ్ సచ్చిపోయినంక ఆమెకు తెలిసింది. సాక్ష్యం చెప్త అన్నది. కంప్యూటర్ ఎత్తుకపోతే ఎందుకని అడుగుతరు. ఆమె ఎట్లయినా ఆ రోజు పాతది చెరిపి కొత్తది ఏసుకునేదే కాబట్టి, నువ్వే ఏస్తే ఎవరికీ అనుమానం రాదు. అవునా?"

రాఘవేందర్ తల వంచుకున్నాడు. గుమ్మంలో పోచమ్మ అతన్నే చూస్తోంది.

"సంపాలని రాలే," అన్నాడు. "బతిలాడనీకె వచ్చిన. ఇనలే. కాగితం కట్ట కోసం లోపలికి పోయింది. గొళ్ళెం పెట్టిన. పని అయినంక తీద్దామనుకున్న."

"ఆమె ఏమన్నది?"

"మొదలు తిట్టింది. తర్వాత..."

"తర్వాత?"

"బావా, దమ్ము ఆడుతలేదు, సంచిల మందు ఉన్నది, తలుపు కింది సందుల నుంచి నూకు అన్నది."

"సంచి ఎక్కడుంది?"

"నా కుర్చీకే తగిలిచ్చి ఉన్నది."

కొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇయ్యలేదు ఎందుకు?"

రాఘవేందర్ తలెత్తాడు. అతని చూపు ప్రసన్నలక్ష్మి మీద కాదు. పక్క కుర్చీలోని తమ్ముడి మీద.

"వాన్ని అడుగుండ్రి."

మల్లేశ్వర్ కుర్చీ కిర్రుమంది.

ప్రసన్నలక్ష్మి ఫైలులోంచి కాల్ రికార్డ్ తీసింది. నిన్న సాయంత్రమే వచ్చింది. రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. "మల్లేశ్వర్, గురువారం ప్యాసింజర్లు తప్ప ఎవ్వలు ఫోన్ చెయ్యలే అన్నవ్. 12.40కి నువ్వే మీ అన్నకు చేసినవ్. 2.19కి మీ అన్న నీకు చేసిండు, నాలుగు నిమిషాలు. 2.51కి మళ్ళ చేసిండు, ఒక నిమిషం ఇరవై సెకండ్లు. ఏం మాట్లాడుకున్నరు?"

"నాకు యాదికి లేదు."

"నాకు యాదికున్నది," అన్నాడు రాఘవేందర్. "12.40కి, నిర్మల పోలీసుల కాడికి పోతదంట, ఎట్లన్న ఆపు అని చెప్పింది వీడే. సాయంత్రం కంప్యూటర్ల పాతది చెరిపి కొత్తది ఏపిస్తదని గూడ వీడే చెప్పిండు. 2.19కి నేను చేసి, దమ్ము ఆడుతలేదు అంటున్నది, నిజమేనార అని అడిగిన. నాటకం అన్నడు. మొగని మాట ఇననిదానికి జర పొగరు దిగనియ్యి అన్నడు."

"అబద్ధం!" మల్లేశ్వర్ లేచాడు. గోపయ్య భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"2.51కి?"

"ఎర్ర తెర వచ్చింది. నాకు భయమైంది. లోపల కొట్టుడు గూడ తక్కువైంది. ఎప్పుడో ఒక్కసారి గోకినట్టు వస్తున్నది. తీద్దామని లేచిన మేడం. గొళ్ళెం మీద చెయ్యేసిన. అయినా వాని పెండ్లాం గదా అని వాన్ని ఒక్క మాట అడిగిన. తలుపు తియ్యాల్నార అని."

"ఏమన్నడు?"

"పని అయినంక తియ్యి అన్నడు."

కంప్యూటర్ తెర ఇంకా ఎర్రగానే ఉంది.

ప్రసన్నలక్ష్మి మల్లేశ్వర్ ముందుకొచ్చి నిలబడింది. "పోయిన వానకాలం ఆమెను దవాఖానల ఆక్సిజన్ మీద పెట్టిన్రు. కాగితాల మీద సంతకం నీదే. నేను పోయి చూసొచ్చిన. నాటకం కాదని నీకు తెలుసు."

మల్లేశ్వర్ పెదవులు తడుపుకున్నాడు. గురువారం శవం మీద పడి ఏడ్చిన గొంతు ఇప్పుడు పొడిగా ఉంది.

"మా అన్న జైలుకు పోతే ఇంటి ఇజ్జత్ ఏంగావాలె మేడం? ఎన్నిసార్లు చెప్పిన, నీకెందుకే అని. ఇన్నదా? బయటోళ్ళ పిలగాడు సచ్చిండని సొంత ఇంటోళ్ళను పట్టిస్తదా?" ప్రసన్నలక్ష్మి వైపు తలెత్తాడు. "అయినా నేను ఆడ లేనే లేను గద. గొళ్ళెం నేను పెట్టలే. నన్నెట్ల పడ్తరు?"

పోచమ్మ గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది. ప్లాస్టిక్ కవర్ గుండెకు హత్తుకుని ఉంది. మల్లేశ్వర్ మొహంలోకి వంగి చూసింది, మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అరెస్టు కాగితాలు గోపయ్య రాశాడు. రాఘవేందర్ వేళ్ళు వణికి, సంతకం మూడుసార్లు తప్పింది.

తర్వాత మల్లేశ్వర్. పేరు, వయసు, వృత్తి అన్నీ తనే రాశాడు. 'మృతురాలికి ఏమవుతారు' అన్న గడి వచ్చింది. పెన్ను ఆగలేదు. 'భర్త' అని రాసి, కింద సంతకం పెట్టాడు.

ప్రసన్నలక్ష్మి అతని చేతినే చూస్తోంది. అది కొంచెం కూడా వణకలేదు.